అందరికీ పన్నెండే

జనవరి 6. నీళ్ళు పద్నాలుగో గీత. తూర్పుగాలి.

ఈ లైను లాగ్‌బుక్కు ముందువైపు కూడా రాశాను. అది డ్యూటీ. పుస్తకాన్ని తలకిందులు చేసి చివరి పేజీ నుంచి రాస్తున్న ఇది మాత్రం నాది.

తేలుపేట గేటు మీద మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నా వంతు. పెద్ద పనేం కాదు. స్తంభం మీద పెయింటు గీతలు చూసి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో రాయాలి. తర్వాత డ్యూటీకి వచ్చినవాళ్ళు నేను రాసింది చూసి కింద సంతకం పెట్టి తారీఖు వేయాలి. రాసిన పేజీ ఏదీ సంతకం లేకుండా ఉండకూడదని రూలు. పేజీ చింపకూడదని ఇంకో రూలు, అందుకే అన్నిటికీ నంబర్లున్నాయి.

చూడటం అంటే నిజంగా చదవడం కాదులే. ఇక్కడ అందరి చెవుల్లోనూ గొణుగు అనే చిన్న మిషన్ ఉంటుంది. బోర్డు చూస్తే చదివి పెడుతుంది, మందు సీసా చూస్తే చదివి పెడుతుంది. పదిహేనేళ్ళు అలా వింటూ బతికితే ఎవరి కళ్ళైనా అక్షరాలు మర్చిపోతాయి. సంతకం అంటే వీళ్ళకి చేతికి అలవాటైన ఒక బొమ్మ, అంతే. చేతిరాత మాత్రం గొణుగుకి రాదు. అచ్చు అక్షరాలు కాకపోతే మూగదైపోతుంది.

కాబట్టి రహస్యం దాచుకోవడానికి ఈ ఊళ్ళో ఇంతకంటే మంచి చోటు లేదు. నీళ్ళ మీద తేలే మూడొందల ఇళ్ళలో చేతిరాత చదవగలిగేది ఇద్దరమే, అమ్మా నేనూ. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషన్ దగ్గర అమ్మ ఉద్యోగం. గేటు డ్యూటీకి వారానికి ఒకసారి వస్తుంది. ముందు పేజీ మీద సంతకం గీకేసి పరిగెడుతుంది.

రహస్యం ఏంటో రేపు రాస్తాను. ఇవాళ్టికి ఇంతే.

జనవరి 7. నీళ్ళు పద్నాలుగో గీత.

నేను పది పాస్ కాలేదు.

ఒడ్డున ఇంగ్లీష్ మీడియం స్కూల్లో, హాస్టల్లో ఉండి చదివాను. క్లాసులో ఎప్పుడూ మొదటి ఐదుగురిలో ఉండేదాన్ని. పోయిన మార్చిలో పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తిప్పగానే చేతులు చల్లబడ్డాయి. అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి, ఒక్కటీ లోపలికి పోవడం లేదు. మూడు గంటలు అలాగే కూర్చున్నాను. హాల్ టికెట్ నంబరు రాసి ఖాళీ పేపరు ఇచ్చేశాను. రిజల్టు ఎవరి చెవిలో వాళ్ళకే చెబుతారు కదా. అమ్మ అడిగితే "ఫస్ట్ క్లాసమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. అమ్మ తేలుపేట అంతా నువ్వుల జీళ్ళు పంచింది.

ఆ జీళ్ళు తిన్నవాళ్ళే ఇప్పుడు నన్ను "టీచరమ్మా" అంటున్నారు. అదే నా భయం.

ఈ పేజీని లోపలికి మడిచేస్తున్నాను. నేను కూడా మళ్ళీ చూడకూడదు.

జనవరి 12. నీళ్ళు పదమూడో గీత. ఎండ.

ఇవాళ క్లాసు బాగా జరిగింది. అమ్మ కూడా ఎందుకో ఈ మధ్య చాలా బాగుంటోంది. అడగకుండానే నా కంచంలో రెండు చేపముక్కలు ఎక్కువ వేస్తోంది.

మా క్లాసు గేటు కింది చెక్కబల్ల మీద, ఉదయం నాచు పని అయ్యాక. ఎనిమిది మంది, అందరూ నాచు తాళ్ళు లాగే ఒకే జట్టు. అచ్చులా విడివిడిగా రాస్తేనే చదవగలరు, నా గొలుసురాత ఇంకా రాదు. జట్టుకి పెద్ద పోలమ్మ మామ్మ. అరవై దాటాయి, ముక్కుపుడక మీద ఎప్పుడూ ఉప్పు మెరుస్తూ ఉంటుంది. ఆవిడకి మేనల్లుడి వరసయ్యే మసేను మావయ్య నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. టీ కాచే కోదండం గారు ప్రతి ప్రశ్నకీ ముందు గొంతు సవరించుకుంటారు. ధనలక్ష్మక్కకి ఎనిమిదో నెల, పలకని పొట్ట మీద ఆనించి రాస్తుంది. మిగతా నలుగురూ వెనక వరసలో కూర్చుని మసేను మావయ్య ఏమంటే దానికి నవ్వుతారు.

"వస్తువులు నీటి మీద ఎందుకు తేలతాయి?" అని అడిగాను.

"ములగనేదు కాబట్టి," అన్నాడు మసేను మావయ్య.

"రెండు మార్కుల ప్రశ్న మావయ్యా. రెండు పాయింట్లు రాయాలి."

"అయితే రెండోది రాసుకో. అయ్యి ములిగిపోతే నువ్వూ నానూ ఈ బల్ల మీద కూకోం కాబట్టి."

పోలమ్మ మామ్మ కొంగుతో ఒక్కటిచ్చింది. "ఒరే, నీ నోట్లో నాచు కుక్క! ఆ గుంట మనకోసం గొంతు సించుకుంతాంది. నువ్వు సెప్పమ్మా."

వీళ్ళకి పది ఎందుకంటే, ఈ గేటు కోసం. తేలుపేట చుట్టూ అలల గోడ ఉంది, దానికి ఒక్కటే గేటు. దాని తాళం మా దగ్గర లేదు, ఒడ్డున ఆఫీసు వాళ్ళు అక్కడ నుంచే మీట నొక్కి తీస్తారు. పోయిన అక్టోబరు తుఫానుకి లైను తెగిపోయింది. గేటు మూసే ఉంది. పదకొండు పడవలు గోడ బయట కొట్టుకుని ముక్కలయ్యాయి. మనుషుల్ని తాళ్ళు వేసి గోడ మీదికి లాగారు. అందరూ బతికారు. మసేను మావయ్య పడవ మాత్రం కొత్తది, దాని ముక్క ఒకటి ఇంకా ఆయన గుమ్మానికి వేలాడుతోంది.

తాళం మా ఊరి చేతికే ఇవ్వమని అడిగితే ఆఫీసు వాళ్ళు ఒక షరతు పెట్టారు. తుఫానులో గొణుగు పనిచేయదు కాబట్టి, గొణుగు లేకుండా పుస్తకం చదివి, లెక్క వేసి, చేత్తో రాయగలవాళ్ళు ఎనిమిది మంది గేటుకి ఉండాలి. అంటే ఎనిమిది మంది పది పాసవ్వాలి. పెద్దల పది పరీక్ష మార్చిలో. ఒకటే పేపరు, మూడు గంటలు, వంద మార్కులు. ముప్పైఐదు వస్తే చాలు.

జనవరి 21. నీళ్ళు పద్నాలుగో గీత.

ఇవాళ మొదటి మోడల్ పరీక్ష పెట్టాను. గంటసేపు. పేపర్లు దిద్దుతుంటే నాకు పిచ్చెక్కింది.

పోలమ్మ మామ్మకి పన్నెండు. మసేను మావయ్యకి పన్నెండు. కోదండం గారికి పన్నెండు. ధనలక్ష్మక్కకి పన్నెండు. ఎనిమిది మందికీ పన్నెండే! మొదటి మూడు ప్రశ్నలు, నాలుగేసి మార్కులు, అన్నీ కరెక్టు. నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. కాపీ కొట్టారా అంటే అదీ కాదు, ఎవరి జవాబు వాళ్ళదే.

"మావయ్యా, నీకు నాలుగోది బాగా వచ్చు కదా. నిన్ననే చెప్పావు. ఎందుకు ఆగిపోయావు?"

మసేను మావయ్య నన్ను వింతగా చూశాడు. "అత్త ఇంకా మూడోది రాత్తాంది కదా?"

"అయితే?"

"అయితే ఏటి? ఆగాం."

అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షలో అందరూ మధ్య మధ్య పెన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆలోచిస్తున్నారు అనుకున్నాను. కాదు! పోలమ్మ మామ్మ ఒక్కో ప్రశ్న ముగించేదాకా ఎదురు చూస్తున్నారు.

మసేను మావయ్య అరచెయ్యి చాపాడు. అడ్డంగా తెల్లటి మచ్చ, ఈ చివర నుంచి ఆ చివరకి. "ఇది నాను కొత్తగా జట్టులోకి ఒచ్చినప్పటిది. నా ముందోడు గబుక్కున లాగేసినాడు. తాడు కాడ ఒకడు ముందుకెల్తే ఎనకోడి సెయ్యి కోసుకుపోద్ది. అందుకే అందరికంటే నిదానం ఎవరో సూసుకుని లాగుతాం."

"కానీ ఇది తాడు కాదు మావయ్యా, పరీక్ష."

"ఏదైనా పనే కదమ్మా," అన్నారు కోదండం గారు, గొంతు సవరించుకుని. వెనక వరస నలుగురూ తలలూపారు.

పోలమ్మ మామ్మ మాత్రం తన పేపరు మడిచి బొడ్డులో దోపుకుంది.

ఫిబ్రవరి 3. నీళ్ళు పన్నెండో గీత. అలల్లేవు.

చెప్పి చూశాను, తిట్టి చూశాను, గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. గోడవైపు తిరిగినా పోలమ్మ మామ్మ పెన్ను చప్పుడు చెవులకి వినిపిస్తుందట!

చివరికి పడవలు ఎక్కించాను. ఎనిమిది మందికి ఎనిమిది చిన్న పడవలు, గోడ లోపలి నీళ్ళలో, ఒకదానికొకటి అందనంత దూరంగా లంగరు వేసి. ఒళ్ళో అట్ట, పెన్నుకి దారం. ధనలక్ష్మక్కకి అన్నిటికంటే వెడల్పు పడవ. నేను గేటు మీద నుంచి ఈల వేసి మొదలుపెట్టాను.

ఊరంతా అరుగుల మీదకి వచ్చి చూసింది. కోదండం గారి పేపరు గాలికి ఎగిరి నీళ్ళలో పడితే, లుంగీ ఎగ్గట్టి దూకి పట్టుకొచ్చారు.

"టీచరమ్మా, తడిసిన జవాబుకి మార్కులేత్తావా?" అని అరిచాడు మసేను మావయ్య.

"కరెక్టయితే వేస్తాను!"

"మరి నాది పొడిగా ఉంది, తప్పైనా ఎయ్యి!"

"నీ పేపరు నువ్వు సూసుకోరా!" అని దూరంగా పోలమ్మ మామ్మ కేక. "నాకోసం ఎవడైనా ఆగినాడంటే సాయంత్రం తాడుకి కట్టి ఈడ్సుకొత్తాను!"

ఆ కేకతో అందరి తలలూ కిందికి వంగాయి. మొదటిసారి ఎనిమిది మందీ ఎనిమిది వేగాలతో రాశారు. నేను గేటు మీద ఒక్కదాన్నే గెంతాను. మార్కులు: యాభై ఒకటి, నలభై ఆరు, నలభై... పోలమ్మ మామ్మకి ఇరవై తొమ్మిది. అన్నీ వేరు వేరు అంకెలు! ఇంత అందమైన లిస్టు నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 15. నీళ్ళు పదమూడో గీత.

పోలమ్మ మామ్మ గొణుగు తీసేసింది. "ఇది సెవిలో ఉంటే కళ్ళు బద్దకిత్తన్నాయి" అని దాన్ని డబ్బాలో పడేసింది. ఇప్పుడు కనిపించినదల్లా పైకి చదువుతుంది. సబ్బు మీద, డ్రమ్ము మీద, నా టీ షర్టు మీద. షర్టు మీద ఉన్నది ఇంగ్లీషని చెబితే "అయితే అదీ నేర్పు" అంది.

ఇవాళ ఆరింటికి డ్యూటీ మార్చుకోవడానికి వచ్చింది. లాగ్‌బుక్కు తెరిచి, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"నీళ్ళు... పద... మూడో... గీత." తలెత్తి చిన్నపిల్లలా నవ్వింది. "పాపా! ఇన్నాళ్ళూ నువ్వు ఇదా రాత్తున్నావు! నాను ఉత్తినే సంతకం పెట్టేదాన్ని."

నేనూ నవ్వాను. కానీ నా చేతిరాతని ఆవిడ చదివేసింది! నేను నేర్పిన చదువే నా రహస్యం దగ్గరికి నడిచి వస్తోంది. పేజీ చింపలేను, నంబర్లున్నాయి. కొట్టేస్తే ఇంకా అనుమానం. పుస్తకాన్ని ఎవరు తిరగేసి చూస్తారులే అని ధైర్యం చెప్పుకుంటున్నాను.

ఫిబ్రవరి 23. నీళ్ళు పదిహేనో గీత. గాలి ఎక్కువ.

ధనలక్ష్మక్కకి పాప పుట్టింది! ఇరవై రోజులు ముందే వచ్చేసింది. బుల్లి చేతులు, బోలెడు జుట్టు. బాలింతని మార్చి గాలిలో పడవెక్కించి ఒడ్డుకి పంపకూడదని మంత్రసాని కచ్చితంగా చెప్పేసింది. అక్క ఏడుస్తూనే నవ్వింది. "ఒక పేరు తగ్గింది టీచరమ్మా. ఒక మనిషి పెరిగింది, సూడు."

ఏడుగురే మిగిలారు. తుఫాన్ల కాలం లోపల మళ్ళీ పరీక్ష లేదు. క్లాసులో అందరూ పలకలు పక్కన పెట్టేశారు. మసేను మావయ్య కూడా.

కోదండం గారు గొంతు సవరించుకున్నారు. "ఎందుకు బెంగ? టీచరమ్మ ఉంది కదా! పాసైన మనిషి మన మధ్యనే ఉంటే ఎనిమిదోవాళ్ళని ఎతుకుతున్నాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. నా పేరు కాగితం మీద ఎక్కించేశారు. ఆఫీసు వాళ్ళకి శుక్రవారం లోపు నా సర్టిఫికెట్ నంబరు పంపాలట.

నాకు లేని నంబరు. అది లేకపోతే గేటు తాళం లేదు. మసేను మావయ్య గుమ్మానికి వేలాడే ఆ పడవ ముక్క రోజంతా కళ్ళ ముందు తిరుగుతోంది.

ఫిబ్రవరి 26. నీళ్ళు పదిహేనో గీత.

దారి ఒకటే. ధనలక్ష్మక్క సీటు ఖాళీ. పదిహేనేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా పెద్దల పది రాయొచ్చు. పేరు మార్పుకి రేపే ఆఖరు. ఆ సీటుకి నా పేరు పంపేశాను.

క్లాసులో చెప్పడానికి ఒక అబద్ధం కూడా తయారు చేసుకున్నాను. "ఆ సర్టిఫికెట్ ఇంగ్లీష్ మీడియంది కదా, ఆఫీసు వాళ్ళు కుదరదంటారేమో. అందుకని మీతో పాటు నేనూ రాసేస్తాను. మీకు తోడుగా ఉంటుంది."

ఎన్ని ప్రశ్నలు వేస్తారో, ఏం చెప్పాలో అన్నీ అనుకుని వచ్చాను. ఒక్కరూ ఏమీ అడగలేదు. మసేను మావయ్య సముద్రం వైపు చూస్తూ చెవి గోక్కున్నాడు. 

"మంచిదే కదమ్మా," అంది పోలమ్మ మామ్మ. "జట్టు నిండుతాది."

మార్చి 11. నీళ్ళు పన్నెండో గీత. ఎండ, ఎండ, ఎండ.

నిన్న పరీక్ష అయింది. అంతా వరసగా రాస్తాను, లేకపోతే మర్చిపోతాను.

ఒడ్డున పెద్ద హాలు. గొణుగులన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయించుకున్నారు. మా ఎనిమిది మందికీ ఒకే వరస, నేను చివర. పేపరు తిప్పాను.

అదే మళ్ళీ. చేతులు చల్లబడ్డాయి. అక్షరాలు కనిపిస్తున్నాయి, లోపలికి పోవడం లేదు. మొదటి ప్రశ్న నేను వాళ్ళకి ఇరవైసార్లు చెప్పిందే. పెన్ను పట్టుకున్న చెయ్యి నాది కాదన్నట్టు ఉంది. గడియారం ముల్లు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఇంకేమీ వినపడకపోవడమే విచిత్రమని కాసేపటికి తట్టింది. పెన్నుల చప్పుడేది?

తలెత్తి చూశాను. నా ముందు మసేను మావయ్య పెన్ను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఆయన ముందు కోదండం గారు. ఆయన ముందు మిగతా నలుగురు. అందరికంటే ముందు, ముందుకే చూస్తూ, నిటారుగా పోలమ్మ మామ్మ. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఎవరూ రాయడం లేదు.

పర్యవేక్షణకి వచ్చిన మేడమ్ కంగారుగా వచ్చింది. "ఏమైందండీ, పది నిమిషాలైంది. రాయరేంటి?"

"రాత్తాం మేడమ్," అన్నాడు మసేను మావయ్య నెమ్మదిగా. "తాడు ఇంకా అందరి సేతికీ అందనేదు."

ఆవిడకి అర్థం కాలేదు. నాకు అయింది.

నెల రోజులు పడవలెక్కించి నేను మాన్పించిన అలవాటది. నేను రాయకపోతే వాళ్ళు రాయరు. మూడు గంటలూ అలాగే కూర్చుంటారు, ఆ మొండివాళ్ళు. గేటు పోతుంది. కోపం వచ్చింది. ఎంత కోపమంటే భయం పక్కకి తప్పుకుంది. పెన్ను గట్టిగా నొక్కి మొదటి వాక్యం రాశాను: వస్తువు తన బరువుకి సమానమైన నీటిని పక్కకి నెట్టినప్పుడు తేలుతుంది.

నా పెన్ను చప్పుడు చేసింది. వెంటనే ముందు ఏడు పెన్నులూ ఒక్కసారి లేచాయి.

ఆ తర్వాత ఎవరి కోసం ఎవరూ ఆగలేదు. మసేను మావయ్య మా అందరికంటే అరగంట ముందు ముగించి, మేడమ్ చూడకుండా ఆవులించాడు.

తిరుగు పడవలో పోలమ్మ మామ్మ పక్కన కూర్చున్నాను. "మామ్మా, మీకు తెలుసా?"

"ఏటి?"

"నాకు... పోయినేడు..."

"ఎల్లి నీ పుస్తకం సూసుకో," అంది, నీళ్ళ వైపు చూస్తూ. "సంతకం లేకుండా పేజీ ఒగ్గకూడదని రూలు కదా. మిగతా పేజీల్లో పెడితే నువ్వు సూసేత్తావని ఆ మడత లోపలే పెట్టినాం."

గేటు ఎక్కాను. పుస్తకం తిరగేశాను. జనవరి ఏడు పేజీ మడత విప్పాను.

నేను రాసిన దాని కింద పోలమ్మ సంతకం, ఫిబ్రవరి 16. డ్యూటీ మార్చుకున్న మర్నాడే! కనిపించినదల్లా చదివే ఆవిడ పుస్తకం వెనక పేజీలు కూడా తిప్పిందట. దాని కింద చేపలాంటి మసేను మావయ్య సంతకం, ఫిబ్రవరి 18. తర్వాత కోదండం గారిది, తర్వాత మిగతా నలుగురివి. ఒక్కొక్కరూ వేలు పెట్టి కూడబలుక్కుని చదివి ఉంటారు. ఏడుగురు! "టీచరమ్మ ఉంది కదా" అని కోదండం గారు అన్నది కూడా అన్నీ తెలిసే. నాకు నేనుగా ఆ సీటు పట్టుకునేలా చేశారు, దొంగలు!

ఏడు కాదు, ఎనిమిది. అందరికంటే పైన, నా ఆఖరి లైనుకి ఆనుకుని, చిన్నగా ఇంకో సంతకం ఉంది. జనవరి 8.

అమ్మది.

ఇంటికి పరిగెత్తాను. అమ్మ మిషన్ వడపోత కడుగుతోంది.

"తెలిసి కూడా ఎందుకు అడగలేదమ్మా?"

అమ్మ చేతులు తుడుచుకుంది. "అడిగితే మళ్ళీ ఫస్ట్ క్లాసే అనేదానివి."

ఏడవబోయి నవ్వాను. చేపముక్కలు గుర్తొచ్చాయి.

ఏప్రిల్ 19. నీళ్ళు పద్నాలుగో గీత. తూర్పుగాలి.

ఇది పుస్తకం ముందువైపే రాస్తున్నాను, అందరి పేజీలో.

ఎనిమిది మందీ పాస్. మసేను మావయ్యకి అరవై మూడు, కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి చెబుతున్నాడు. నాకు డెబ్భై నాలుగు. పోలమ్మ మామ్మకి ముప్పైఐదు.

"ఒక్కటి తగ్గితే పోయేదానివి అత్తా!" అన్నాడు మసేను మావయ్య.

"ఒక్కటి పెరిగితే దండగయ్యేదిరా," అంది మామ్మ. "మిగులు తాడు ఎవడు మోత్తాడు?"

అమ్మ మళ్ళీ ఊరంతా జీళ్ళు పంచింది. ఈసారి నేనే పళ్ళెం పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ధనలక్ష్మక్క పాప నా జడ పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసు వాళ్ళు తాళం ఇచ్చి వెళ్ళారు. గేటు చేత్తో తెరవాలంటే ఎనిమిది మంది కలిసి లాగాల్సిన తాడు ఉంది. ముందు పోలమ్మ మామ్మ నిలబడింది, చివర నేను. ఇంతకుముందు ఎప్పుడూ తాడు పట్టలేదు. మొదట నాకు చేతకాలేదు, అరచేతులు మండిపోయాయి. ఎవరూ తొందరపెట్టలేదు. నా పట్టు కుదిరాక మామ్మ "ఓ..." అంది. గేటు కిర్రుమంటూ లేచింది. బయట సముద్రం లోపలికి మెల్లగా వచ్చి మా కాళ్ళు తడిపింది.

గేటు తెరిచిన సమయం నాలుగూ ఇరవై. తెరిచింది మేమే.

ఆరవుతోంది. మసేను మావయ్య మెట్లెక్కుతున్న చప్పుడు. ఆయన ఇప్పుడు ప్రతి మాటా చదివి గానీ సంతకం పెట్టడు. అందుకే ఈ పేజీ కొంచెం గుండ్రంగా, విడివిడిగా రాశాను.